రూమ్మేటు చెప్పిన చిట్కా

రైసుమిల్లుల ఊరు హుజూర్‌నగర్ నుంచి ఓ కుర్రాడు ఎంఎస్ చదవడానికి 2022 ఆగస్టులో అమెరికా వెళ్లాడనుకుందాం. తండ్రి పొలం తాకట్టు పెట్టి పంపాడు. 2024 మేలో చదువు పూర్తయింది. ఓపీటీ మీద ఉద్యోగమూ దొరికింది. ఏప్రిల్ 15లోగా పన్ను లెక్కలు దాఖలు చేయాలి. అప్పుడే రూమ్మేటు ఓ చిట్కా చెబుతాడు: 'రెసిడెంట్ అని టిక్కు పెట్టు. కట్టిన ఫీజు చూపితే 2 వేల డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది.'

ఆ రాయితీ ఉన్నమాట నిజమే. పేరు లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్. 10 వేల డాలర్ల వరకూ ఫీజులో 20 శాతాన్ని పన్నులోంచి తగ్గిస్తారు. కానీ అది మనవాడికి వర్తించదు. జీతంలో పన్ను కోస్తున్నారుగా, మరి రాయితీ ఎందుకివ్వరు?

తిరకాసంతా రోజుల లెక్కలో ఉంది. విదేశీయులు అమెరికాలో ఎన్ని రోజులున్నారో చూసి, అది 183 రోజుల సూత్రానికి సరిపోతేనే పన్నుల శాఖ వాళ్లను రెసిడెంట్లుగా గుర్తిస్తుంది. ఎఫ్-1 విద్యార్థులకు మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలూ ఈ లెక్కలోకి రావు. ఓపీటీ కూడా ఎఫ్-1లో భాగమే. 2022లో ఉన్నది నాలుగైదు నెలలే అయినా అదీ ఓ ఏడాది కిందే లెక్క. కాబట్టి ఎఫ్-1లోనే కొనసాగితే 2026 దాకా అతను నాన్‌రెసిడెంటే. నింపాల్సింది 1040-ఎన్ఆర్ ఫారం. అందులో ఈ చదువు రాయితీకి చోటు లేదు. హెచ్-1బీ వస్తే మాత్రం ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

అర్హత లేని రాయితీ తీసుకుంటే తర్వాత నోటీసు రావచ్చు. అసలుతోపాటు వడ్డీ, జరిమానా కట్టాలి. ఇప్పటికే పొరపాటు చేసినవాళ్లు నోటీసు వచ్చేదాకా ఆగకుండా 1040-ఎక్స్ ఫారంతో సరిదిద్దుకోవచ్చు.

అలాగని నాన్‌రెసిడెంట్‌కు దక్కేదేమీ లేదనుకోవద్దు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ లభిస్తుంది. 2024 ఆదాయానికి అది 14,600 డాలర్లు. మిగతా దేశాల విద్యార్థుల్లో చాలామందికి ఈ వెసులుబాటు లేదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పేరిట జీతంలో కోసే 7.65 శాతం కూడా వీళ్లకు మినహాయింపే. కంపెనీ పొరపాటున కోస్తే తిరిగి అడగొచ్చు.

ఫోన్లో 'తిన్నవా బిడ్డా' అని అడిగే అమ్మానాన్నలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంకో మాట కూడా అడగాలి: 'ఏ ఫారం నింపుతున్నవ్?'