ఎప్పుడూ అబద్ధమాడేవాడు మంచోడే

చిన్న రసాలు దిగే రోజుల్లో బళ్లకు సెలవులు. సాయంత్రమయ్యేసరికి వీధిలో పిల్లలు మా అరుగు మీదికి చేరతారు. ఎక్కాలు అడగనని వాళ్లకు తెలుసు. ఈ వారం ఇచ్చిన చిక్కు ఇది. దారి రెండుగా చీలింది. ఒకటి నూజివీడు పోతుంది, ఒకటి మైలవరం పోతుంది. చీలిక దగ్గర మామిడితోట కాపలా కాస్తూ అన్నదమ్ములిద్దరున్నారు. ఒకడు నిజం తప్ప చెప్పడు, రెండోవాడు అబద్ధం తప్ప చెప్పడు. ఎవరెవరో మనకు తెలియదు. ఒక్కణ్ణే అడగాలి, ఒక్క ప్రశ్నే అడగాలి, నూజివీడు చేరాలి.

‘నువ్వు నిజం చెబుతావా?’ అని అడుగుదామన్నాడో కుర్రాడు. ఇద్దరూ అవుననే అంటారు, ఉన్న ఒక్క ప్రశ్నా ఖర్చయిపోతుంది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతె అంది: ‘ఎప్పుడూ అబద్ధమే చెప్పేవాడు మంచోడే కదండీ మాస్టారూ! తిరగేసుకుంటే నిజం వచ్చేస్తుందిగా!’

తాళంచెవి ఆ పిల్లకు దొరికినట్టే. ఒక దారి చూపించి, ‘ఇదేనా నూజివీడు దారి అని నిన్నడిగితే అవునంటావా?’ అనాలి. అది నూజివీడు దారే అనుకోండి. నిజం చెప్పేవాడు అవునంటాడు. అబద్ధాలవాడు మామూలుగా అడిగితే కాదనేవాడే. కానీ ‘అవునంటావా’ అన్నప్పుడు ‘అనను’ అంటే అది నిజమైపోతుంది, అందుకని ‘అంటాను’ అనాల్సి వస్తుంది. అబద్ధాన్ని అబద్ధం కొట్టేసింది. అది మైలవరం దారైతే ఇద్దరూ ‘అనను’ అనే అంటారు. ఎదుటివాడు ఎవరో చివరిదాకా మనకు తెలియదు, దారి మాత్రం తెలిసిపోయింది. ఈ ఆటలో నాకు ఎనలేని ఇష్టం కలిగించేది ఇదే.

ఇలాంటి చిక్కులకు లోకమంతా పేరు తెచ్చినవాడు అమెరికా తర్కవేత్త రేమండ్ స్మల్యన్ (1919-2017). ఇంద్రజాలం చేసేవాడు, పియానో వాయించేవాడు. 1978లో ‘ఈ పుస్తకం పేరేమిటి?’ అన్న అర్థం వచ్చే పేరుతోనే పుస్తకం అచ్చేశాడు. చిన్నప్పుడు 1925 ఏప్రిల్ ఒకటిన వాళ్లన్న ‘ఇవాళ నిన్ను ఫూల్ చేస్తా’ అన్నాడట. రోజంతా ఎదురుచూస్తే ఏమీ చేయలేదు. ఎదురుచూసేలా చేయడమే ఫూల్ చేయడమన్నాడు అన్న. మరి ఫూల్ అయినట్టా, కానట్టా? ఆ రాత్రి పసివాడికి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒక పిల్లవాడికి తర్కం మీద ప్రేమ పుట్టడానికి ఆ చిన్న మాట చాలింది.

అయితే మన చుట్టూ ఉన్న మనుషులు ఆ అన్నదమ్ముల్లాంటివాళ్లు కారు. ఒకసారి నిజం, ఒకసారి అబద్ధం. 1996లో జార్జ్ బూలోస్ అనే తత్వవేత్త స్మల్యన్ చిక్కునే ముగ్గురు దేవుళ్లతో బిగించాడు. ఒకడు సత్యం, ఒకడు అసత్యం, మూడోవాడు తిక్కదేవుడు, బొమ్మో బొరుసో వేసి చెబుతాడు. ఎవరెవరో తేల్చాలి. ఈ మూడోవాడి మాటను తిరగేసినా లాభం లేదు. అందుకే మొదటి ప్రశ్న సత్యదేవుణ్ణి పట్టుకోవడానికి కాదు, ముందు తిక్కదేవుడు కానివాణ్ణి ఒకణ్ణి పట్టుకోవడానికి. ఆ తర్వాత మిగిలిన ప్రశ్నలన్నీ అతన్నే అడగొచ్చు.

మామిడిపళ్ల బుట్టల ముందు నిలబడినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. ‘చెట్టున పండినవేనా?’ అని అడుగుతాం. ప్రతివాడూ అవునంటాడు. ఇది మా కుర్రాడు అడగబోయిన ప్రశ్నే. కార్బైడ్‌తో కాయ మగ్గబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. తడి తగిలితే కార్బైడ్ నుంచి ఎసిటిలీన్ వాయువు వస్తుంది, తొక్క పసుపెక్కుతుంది, లోపల పులుపు పులుపుగానే ఉండిపోతుంది. నిషేధం ఉందని తెలిసినవాడు కార్బైడ్ వేశానని చెబుతాడా? కోసి ఎన్నాళ్లయింది, ఏ తోటవి, గడ్డిలో ఎన్ని రోజులున్నాయి అని విడివిడిగా అడగాలి. మూడు జవాబులూ ఒకదానికొకటి పొసగాలి. ఆపైన కాయను ముచ్చిక దగ్గర వాసన చూడాలి.

మా చిక్కులో చేరాల్సిన నూజివీడులో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో పల్లెల సర్కారు బడి పిల్లలు అందులో చేరతారు. కంప్యూటర్‌లో నడిచే తర్కమూ అవును, కాదుల తర్కమే. రెండుసార్లు కాదంటే అవునవుతుందని మా అరుగు మీది పిల్ల ఎవరూ నేర్పకుండానే కనుక్కుంది. కోచింగుల్లో ఇవే చిక్కులను పట్టికలు వేసి, షార్ట్‌కట్‌లుగా బట్టీ పట్టిస్తున్నారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది. అర నిమిషంలో జవాబు గుర్తుపెట్టడం నేర్చిన పిల్లవాడికి, జవాబు తెలియని ఆ చాలాసేపటి రుచి దక్కకుండా పోతోంది. ప్రతి బడిలో వారానికొక పీరియడ్ దీనికి వదలమని అడుగుతున్నాను. పుస్తకం అక్కర్లేదు, పరీక్షా పెట్టొద్దు.

పిల్లలు వెళ్లేముందు ఇంకొకటి అడిగారు. ఇచ్చి పంపాను. చీలిక దగ్గర అన్నదమ్ములు మారిపోయారు. ఈసారి ఇద్దరూ సత్యవంతులే కావచ్చు, ఇద్దరూ అబద్ధాలకోరులే కావచ్చు, చెరొక రకమూ కావచ్చు. పెద్దవాడు ‘మేమిద్దరం అబద్ధాలకోరులమే’ అన్నాడు. చిన్నవాడు నోరు విప్పలేదు. నూజివీడు దారి ఎవరిని అడగాలి?