కూరగాయల వాటాలు: కడపటి బుట్ట

తోటకూరగాయలను వాటాల లెక్కను అమ్ముకొను పద్ధతిని గూర్చి సభ్యులు కొందరు మమ్మడుగుచున్నారు. ఈ పద్ధతి అమెరికాలో 1986వ సంవత్సరమున మసాచుసెట్సు, న్యూహాంప్‌షైరు రాష్ట్రములలోని రెండు తోటలయందు ఆరంభమైనది. జపానులో అంతకు పూర్వమే, 1970 దాటిన యేండ్లలో, తెయికేయి అను పేర ఇట్టి యేర్పాటు వ్యాపించెను. విత్తు నాటకమునుపే తినువారు సొమ్ము చెల్లింతురు. పంటకాలమంతయు వారమునకొక బుట్ట పుచ్చుకొందురు. పండినపుడు బుట్ట నిండును, వడగండ్లు పడినపుడు వెలితిపడును. నష్టమును రైతొక్కడే మోయడు.

మొదలుపెట్టుటను గూర్చి అందరును చెప్పుదురు. ముగించుటను గూర్చి చెప్పువారరుదు. మా అభిప్రాయమున ఈ పద్ధతి నిలుచునో పోవునో తేలునది కడపటి బుట్టయందే.

అమెరికా ఉత్తరభాగమున మంచు పడుటతో వాటాల కాలము ముగియును. అప్పటి బుట్టలో ఉర్లగడ్డలు, క్యారట్లు, గుమ్మడికాయలు ఉండును గావున అది బరువుగానే యుండును. మన సంగతి వేరు. శివరాత్రి దాటి యెండ ముదిరినంతనే క్యాబేజీ, కాలీఫ్లవరు తగ్గిపోవును. మిగులునది గోంగూర, తోటకూర, పుచ్చులేరివేయగా నిలిచిన నాలుగు వంకాయలు. రైతునకు సిగ్గు కలుగును. బజారున నాలుగు కిలోలు కొని బుట్ట నింపుదమా యని తోచును. అట్లు చేయరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. కొన్న కాయ బుట్టలో చేరిననాడు వాటాదారు వాటాదారు గాక వట్టి కొనుగోలుదారగును. దుకాణపు ధరతో పోల్చి బేరమాడును. వెలితి బుట్టనే యిచ్చి, ఏల వెలితియైనదో ఒక చీటిపై వ్రాసి పెట్టుట మేలు.

మండీ దలారి యిచ్చు బయానాతో దీనిని పోల్చి చూడుడు. అదియు ముందుగా వచ్చు సొమ్మే. కాని పంట అతని మండీకే పోవలెను, ధర అతడు చెప్పినదే, కమీషను అతడు కోసికొన్నదే. పంట పోయినను అప్పు పోదు. 1999 జనవరిలో మొదలైన రైతుబజారులు దలారిని తప్పించినవి, అది గొప్ప మేలే. అయినను ఆనాటి ధర ఆనాటిదే. మదనపల్లె ప్రాంతమున టమాటా కోతకూలి సయితము రాక రోడ్డుప్రక్కన పారబోసిన యేండ్లు మనమెరిగినవే.

న్యూహాంప్‌షైరు తోటలో సంవత్సరపు ఖర్చును సభ్యుల యెదుట చదివి, ఆ మొత్తము పూర్తియగువరకు ఎవరి శక్తికొలది వారు ఒప్పుకొనునట్లు ఏర్పరచిరి. అక్కడ కాయకు ధర కట్టరు, తోట ఖర్చును పంచుకొందురు. ఇది మనయెడ వెంటనే సాగునని మేమనము. బెండకాయ కొన విరిచి చూడక కొనని యిల్లాండ్రు మన పట్టణములలో నున్నారు! కంటికి కనబడని పంటకు వారిచేత సొమ్ము కట్టించుట సులభము కాదు.

అందుచేతనే కడపటి బుట్ట యిచ్చిన పక్షము దినములలో సంఘము వాటాదారులను పిలిచి లెక్క చదువవలెను. విత్తనము, ఎరువు, కూలి, బండికిరాయి, ఏ వారము బుట్ట యెంత తూగినది, అన్నియు చెప్పవలెను. పురుగు తిన్న సంగతి దాచరాదు. వచ్చు సంవత్సరపు వాటాలు ఆ సభలోనే వ్రాయించుకొన్నచో, శ్రావణ భాద్రపదములలో నారు పోయునాటికి సొమ్ము చేతనుండును. దలారి గుమ్మము త్రొక్కనక్కరలేదు. మొదటి యేట ఇరువది కుటుంబములకు మించి చేర్చుకొనరాదని మా తలంపు. మరల చేరనివారినడిగి కారణము తెలిసికొని, దానిని సంఘపు మినిట్సు పుస్తకమున వ్రాయవలెను.