ఖర్చు లేని ముక్క

పిల్లల చేతిలో ముక్కలు కనిపిస్తే చాలు, మన పెద్దవాళ్ళకి ఇల్లు మునిగిపోయినట్టే! “పిల్లలకి పేకాట నేర్పుతున్నావుటే?” అని మొన్న మా ఆడబిడ్డగారు నన్ను నిలదీశారు.

కాదు వదినగారూ, అది పేకాట కాదు. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణితం చదివినాయన ‘మేజిక్: ది గేదరింగ్’ అనే ఆట తయారుచేశాడు. ముక్కలు కొనుక్కుని, ఒకరితో ఒకరు మార్చుకుని ఎవరి కట్ట వారే పేర్చుకుంటారు. చెరి ఇరవై ప్రాణాలు. చాలా ముక్కల మీద అవి చేసే పనీ, వాటికి చెల్లించాల్సిన ‘మానా’ అనే శక్తీ రాసి వుంటాయి.

లోపల ఏముందో తెలియని పొట్లాలు కొనడం నాకు లాటరీలాగే తోస్తుంది. అందుకే కొనివ్వనన్నాను. మావాళ్ళు పాత శుభలేఖలు కత్తిరించి సొంత ముక్కలు చేసుకున్నారు.

మావాడు మొదట ‘ఉగ్రనరసింహం’ చేశాడు. ఖర్చు ఒకటి, ఎదుటివాడికి పది ప్రాణాలు నష్టం. రెండు దెబ్బలకి ఆట సరి! వాళ్ళక్క ఒప్పుకోలేదు. “అసలు ఆటలో ‘లైట్నింగ్ బోల్ట్’కి ఒక మానా ఇస్తే మూడు ప్రాణాలే పోతాయిరా” అంది. ఖర్చు ఎనిమిదని రాసింది. అప్పుడు దాన్నెవరూ ముట్టుకోలేదు. ఆడి, తుడిచి, మళ్ళీ రాసి, చివరికి అయిదు దగ్గర ఆగారు. పులుసులో ఉప్పు చూసుకున్నట్టే కదండీ! ఇది పాడైపోయే చదువా?

చెయ్యి తిరిగినవాళ్ళూ పొరబడ్డారు. ‘బ్లాక్ లోటస్’ అనే ముక్కకి ఖర్చు సున్నా. వేసి పారేస్తే మూడు మానాలు చేతికొస్తాయి. అది దొరికినవాడిదే పైచెయ్యి. 1994లోనే కట్టకి ఒక్కటి మించకూడదని కట్టడి చేయాల్సివచ్చింది. ఖర్చు లేని బలం ఏ ఆటనైనా చెడగొడుతుంది.

తరవాత మావాడు ‘అమ్మ’ అనే ముక్క చేశాడు. ప్రతి వంతుకీ చచ్చిన ముక్కనొకదాన్ని బతికిస్తుంది. ఖర్చు సున్నా. నేను పొంగిపోయాను, నిజం చెప్పొద్దూ!

“ఇది చెల్లదు. అమ్మ వున్న కట్టే ఎప్పుడూ గెలుస్తోంది. ఖర్చు పెట్టు” అంది అమ్మాయి.

“అమ్మకి ఖర్చేమిటే?” అన్నాడు వాడు. పేపరు వెనక మావారు కిసుక్కున నవ్వారు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. పదేళ్ళవాడికి ఆ మాట ఎవరు నేర్పారు? నేనే కాదూ! నాలుగింటికి లేచి, అందరికీ వడ్డించి, అడుగంటినది తిని, చిరునవ్వుతో పడుకునే అమ్మల్ని నా నవలల నిండా నింపాను. కన్నీళ్ళతో చదివామని మీరు ఉత్తరాలు రాశారు. అవన్నీ సున్నా ఖర్చు ముక్కలేనండీ! త్యాగమని పేరుపెట్టి మనం ఖర్చు గడిలో సున్నా రాసేశాం. ఆ సున్నా చూసే ఇంటిల్లిపాదీ ఆడుతున్నారు.

ఇప్పుడు ‘అమ్మ’కి ఖర్చు మూడు. పైగా పనిచేశాక ముక్కని అడ్డంగా తిప్పి పెట్టాలి. మళ్ళీ తన వంతు వచ్చేదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. అలా తిప్పడం అసలు ఆటలోనూ వుంది. చిత్రమేమిటంటే, ఆట ఇప్పుడే రంజుగా వుందని మావాడే ఒప్పుకున్నాడు.

కనుక వదినగారూ, ముక్కలు దాచేయకండి. మీరూ ఒక చెయ్యి వెయ్యండి.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక నేనూ అడ్డంగా తిరిగి పడుకున్నాను. సాయంత్రం కాఫీ ఎవరు కలిపారో మావారినే అడగండి.