కోనసీమ జిల్లా పశుసంవర్ధక అధికారి గారికి: కుక్కపిల్లల పార్వో గురించి

కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల రెండు మూడు రోజులు గంతులేసి, ఉన్నట్టుండి ముద్ద ముట్టదు. నురుగు వాంతులు, నెత్తుటి విరేచనాలు, మూలన ముడుచుకున్న ఒళ్లు. అంతుచిక్కని జబ్బనో, దిష్టి తగిలిందనో ఇంట్లోవాళ్లు కుమిలిపోతారు. చాలాసార్లు అది 1978లో గుర్తించిన పార్వో వైరస్. సోకాక 3 నుంచి 7 రోజులకు గానీ బయటపడదు కనుక, తెచ్చేనాటికే పిల్లలో ఉండి ఉండవచ్చు. సెలైన్, వాంతులు ఆపే మందులే కుక్కపిల్లను బతికిస్తాయి, అదీ ఆలస్యం కాకుండా పడితేనే. పెరటి మట్టిలో ఈ వైరస్ నెలల తరబడి ఉంటుంది. సబ్బుకు చావదు, బ్లీచింగ్‌కు చస్తుంది. టీకా 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి వేయించాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట పశువైద్యశాలల్లో ఈ టీకా, మల పరీక్ష కిట్లు, సెలైన్ ఎప్పుడూ ఉండేలా చూడాలని విజ్ఞప్తి.