వర్గీకరణ శిక్షణ: తెలుగు పుస్తకానికి తగిన చోటు

గ్రంథాలయంలో తప్పుచోట చేరిన పుస్తకం లేని పుస్తకంతో సమానం. బీరువాలో అది భద్రంగానే ఉంటుంది. వెదికేవారికి మాత్రం దొరకదు. అమెరికాలోని తెలుగు గ్రంథాలకు ఈ ఆపద మరింత ఎక్కువ. వాటిని వర్గీకరించవలసిన సూచీకర్తలలో తెలుగు చదవగలవారు అరుదు.

ఈ దేశానికి తెలుగు పుస్తకాలు విరివిగా చేరడానికి గోధుమలు కారణమంటే వింతగా తోచవచ్చు. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద భారతదేశానికి అమ్మిన ధాన్యానికి రూపాయలలో ముట్టిన మూల్యంలో కొంతభాగంతో, 1962 నుండి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషా గ్రంథాలను కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. ఆ రూపాయల పథకం ముగిసినా సేకరణ ఆగలేదు. అయితే వలస వచ్చిన కుటుంబాల ఇళ్ళలోని పుస్తకాల దారి వేరు. తొలితరంవారు వృద్ధులవుతున్నారు, వారి సంతానంలో చాలామందికి తెలుగు చదవడం రాదు. ఆ పుస్తకాలు విరాళంగా గ్రంథాలయానికి చేరినా, చదివి వర్గసంఖ్య వేసేవారు లేకుంటే పెట్టెలలోనే మిగిలిపోతాయి.

వర్గీకరణ అంటే సంఖ్యలను కంఠస్థం చేయడమని ఒక అపోహ ఉన్నది. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో నేడు తెలుగు సాహిత్యానికి 894.827 అన్న సంఖ్య ఉన్నది; లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో అది పి.ఎల్. అక్షరాల కిందికి వస్తుంది. ఇవి పట్టికలలో ఎవరికైనా దొరుకుతాయి. పట్టికలలో దొరకనిది, పుస్తకం దేనిని గురించినదో గ్రహించే వివేకం. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర' పేరులో చరిత్ర ఉన్నా అది ప్రబంధం. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' నిజంగా చరిత్రే. పావులూరి మల్లన గణిత గ్రంథం పద్యాలలో ఉన్నా దాని స్థానం కావ్యాల నడుమ కాదు, గణితశాస్త్రంలో. పేరును చూసి ఒకదానిని, రూపాన్ని చూసి మరొకదానిని తప్పుచోట చేర్చే ప్రమాదం భాష తెలియని సూచీకర్తకు అడుగడుగునా ఎదురవుతుంది. ఇంటిపేరు ముందు వచ్చే తెలుగు సంప్రదాయం తెలియకపోతే రచయిత పేరు కూడా తలక్రిందులవుతుంది.

కనుక శిక్షణ తరగతి పట్టికలతో కాక పుస్తకాలతో ఆరంభం కావాలి. ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో వెలువరించిన ద్విబిందు వర్గీకరణను అమెరికా గ్రంథాలయాలు స్వీకరించకపోయినా, విషయాన్ని ముందుగా అంశాలుగా విడదీయాలన్న ఆయన బోధ ఏ పద్ధతికైనా పునాదియే. అభ్యాసకులు మొదట పుస్తకం విషయాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి. తరువాతనే సంఖ్యను వెదకాలి. ఒకే పుస్తకాన్ని ఇద్దరు విడివిడిగా వర్గీకరించి, భేదం వచ్చినచోట కారణం చర్చించాలి. భాష తెలిసిన పెద్దలు, శాస్త్రం తెలిసిన సూచీకర్తలు జంటగా కూర్చుంటే ఒకరి కొరత మరొకరు తీరుస్తారు.

ఢిల్లీలో సిద్ధమైన సూచికలను నకలు చేసుకుంటే చాలదా అని కొందరు అడుగవచ్చు. అక్కడ చేరిన పుస్తకాలకు చాలుతుంది. కాని అమెరికాలో తెలుగు సంఘాలు ప్రచురించిన సంచికలకు, సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న కవితా సంపుటాలకు ఆ సూచిక ఎక్కడిది? పైగా నకలుతో సౌలభ్యం వ్యాపించినట్లే తప్పు కూడా వ్యాపిస్తుంది. దానిని పట్టగల కన్ను శిక్షణవల్లనే అలవడుతుంది.

రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన పంచసూత్రాలలో మూడవది ప్రతి పుస్తకానికీ దాని చదువరిని చేర్చమంటుంది. గ్రామగ్రామాన గ్రంథాలయం వెలయాలని అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు శ్రమించిన జాతికి ఈ సూత్రం కొత్తది కాదు. సంఘాలు ఉత్సవాలకు వెచ్చించే ధనంలో స్వల్పభాగాన్ని ఇందుకు కేటాయిస్తే, నేటి పెట్టెలలోని పుస్తకాలు రేపటి చదువరికి అందుతాయి. పుస్తకాలను దానమిచ్చి ఊరకుంటే ఆ దానం సగమే పూర్తి అయినట్లు.