లింక్డు లిస్టును నడచి నేర్వవలెను

మా పాఠశాలలో సీ భాష నభ్యసించు బాలబాలికలు లింక్డు లిస్టు పాఠమునకు వచ్చునప్పటికి ప్రోగ్రామును కంఠస్థము చేయ మొదలిడుచున్నారు. ఇది తగదని మా యభిప్రాయము.

1972వ సంవత్సర ప్రాంతమున డెన్నిస్ రిచీగారు బెల్ ప్రయోగశాలలయందు సీ భాషను రూపొందించిరి. లింక్డు లిస్టు అంతకంటె పూర్వపుది. 1956 ప్రాంతముననే న్యూయెల్, షా, సైమన్ అను మువ్వురు దానిని వాడిరి.

అర్రేలోని మూలకములు బల్లపై విద్యార్థులవలె ప్రక్కప్రక్కనే యుండును. కావున 100వ మూలకము చోటును లెక్కగట్టి తిన్నగా చేరవచ్చును. లింక్డు లిస్టులోని నోడులో, మెమరీయందు చెదరి యుండవచ్చును. ప్రతి నోడును తన విలువతోబాటు తరువాతి నోడు చిరునామాను మాత్రమే యెఱుగును. 100వ నోడు కావలెనన్న మొదటిదానినుండి 99 అడుగులు వేయవలసినదే. నల్ కనబడినచోట నడక ముగియును.

ఇంత నిదానమైన పద్ధతి యేల యని కొందఱు విద్యార్థు లడుగుదురు. అర్రే నడుమ నొకదానిని జేర్చుటకు వెనుకనున్న వన్నియు జరుగవలెను. ఇచ్చట రెండు చిరునామాలు మార్చిన చాలును. అయితే క్రమము తప్పరాదు. ముందు క్రొత్త నోడునకు తరువాతిదాని చిరునామా నీయవలెను. పిమ్మటనే ముందున్న నోడును క్రొత్తదానికి గట్టవలెను. ఈ వరుస తలక్రిందైనచో మిగిలిన పట్టికయంతయు చేజాఱును. తప్పిపోయిన గొఱ్ఱెను కాపరి వెదకి తెచ్చుకొనగలడు. చిరునామా పోయిన నోడును ప్రోగ్రాము వెదకి తేజాలదు. సీ భాష హెచ్చరికయైన చేయదు.

మొన్న నొక విద్యార్థి ప్రోగ్రామును పొల్లు పోకుండ వ్రాసెను. "నడిమి నోడును తీసివేయు" మన్నంతనే మిన్నకుండెను. అతనికి వచ్చినది అక్షరములే కాని నడక కాదు.

కావున ప్రోగ్రాము వ్రాయుటకు ముందు కాగితముపై గళ్లును బాణములును గీయవలెను. మొదటి పాయింటరును కదల్పక, వేఱొక పాయింటరుతో నొక్కొక్క గడిని దాటవలెను. నోడును ఫ్రీ చేయుటకు మునుపే తరువాతి చిరునామాను దాచుకొనవలెను. ఇట్లు పది పర్యాయములు వ్రేలితో నడచిన బాలునకు కంఠస్థముతో పనిలేదు.

తలిదండ్రులును "ఎన్ని మార్కులు వచ్చినవి?" అనుటకు మాఱుగా "గీసి చూపుము" అని యడుగుదురుగాక. ఆ యొక్క ప్రశ్న మా బోధనకు గొప్ప సహాయము కాగలదు.