గాలిలో కెమెరా... చేతిలో జాగ్రత్త!

ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా ఒక తమాషా చూస్తున్నాం కదూ! సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే వేళకి నెత్తిమీద తుమ్మెద రొదలా మొదలవుతుంది. అక్షింతలు చేతిలో పట్టుకున్న వాళ్ళందరూ వధూవరుల్ని వదిలేసి తలలు పైకెత్తి చూస్తారు. అదే డ్రోను. నాలుగు రెక్కలూ, కడుపు కింద ఒక కెమెరా. ఇప్పుడది పెళ్ళిపందిరి దాటి మన ఇళ్ళల్లోకే వచ్చేసింది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడు పెట్టె విప్పి "అమ్మా, చూడు!" అంటూ డాబా మీదకి లాక్కెళుతున్నాడు.

"మగపిల్లల ఆటలు మనకెందుకమ్మా?" అంటారు మీలో కొందరు. ఎందుకో చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో 'నమో డ్రోన్ దీదీ' అని ఒక పథకానికి ఆమోదం తెలిపింది. 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు పొలాల్లో మందు చల్లే డ్రోన్లు ఇవ్వాలని దాని లక్ష్యం. ఆ శిక్షణ మొత్తం 15 రోజులే. డ్వాక్రా సంఘాల్లో మన తోటి ఆడవాళ్ళు పెద్ద పెద్ద డ్రోన్లు నడపడం నేర్చుకుంటుంటే, అరచేతిలో పట్టే కెమెరా డ్రోను మనకి రాదా? అదీగాక, రేపు పక్కింటివాళ్ళు తగవుకొస్తే వీధి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాల్సింది ముందు మనమే. తెలియని వస్తువు గురించి ఏం జవాబు చెబుతాం?

నేను మా అన్నయ్య కొడుకు దగ్గర నేర్చుకున్నాను. "అత్తా, కుట్టుమిషను తొక్కే చేతులు నీవి, వారంలో వచ్చేస్తుంది చూడు" అన్నాడు వాడు. నిజమే, కాళ్ళూ చేతులూ కళ్ళూ కలిపి పనిచేయడం మనకేం కొత్త! నేర్చుకున్న వరసలోనే మీకూ చెబుతాను.

కొనేముందు

మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం బరువునుబట్టి తరగతులున్నాయి. 250 గ్రాములు, అంతకు లోపు ఉంటే 'నానో'. అంటే పావుకిలో కందిపప్పు పొట్లమంత. అది దాటి 2 కిలోల వరకు 'మైక్రో'. నానో డ్రోనుకి పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. మైక్రో అయినా మన సరదాకి ఎగరేసుకుంటే అక్కర్లేదు. కానీ డబ్బు పుచ్చుకుని ఎగరేసేవాళ్ళకి మైక్రో నుంచి సర్టిఫికెట్ ఉండాలి. కనుక అమ్మాయి పెళ్ళికి వీడియో మాట్లాడుకునేటప్పుడు "బాబూ, మీ డ్రోను బరువెంత? సర్టిఫికెట్ ఉందా?" అని అడగండి. మొహమాటపడకండి. దాని కింద నిలబడేది మన చుట్టాలూ, మన పసిపిల్లలూను.

కొన్న దుకాణంలోనే రిజిస్ట్రేషన్ సంగతి, గుర్తింపు నంబరు సంగతి తేల్చుకుని, కాగితాలు భద్రంగా దాచండి. ఇంకో మాట. అమెరికా నుంచి వచ్చే తమ్ముడితోనో మరిదితోనో తెప్పించుకుందాం అనుకోకండి. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిషేధించింది. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది.

నేర్చుకునేవాళ్ళు మొదట తేలికపాటిదే కొనుక్కోండి. రెక్కల చుట్టూ పెట్టే ప్లాస్టిక్ కంచె దొరుకుతుంది, అది తప్పకుండా తీసుకోండి. రెక్కలు కూడా రెండు జతలు అదనంగా ఉంచుకోండి. అంచు చిట్లిన రెక్కని జిగురుతో అతికించి వాడకూడదు. మిక్సీ బ్లేడు విరిగితే అతికించి వాడతామా? ఇదీ అంతే.

ఎక్కడ ఎగరెయ్యాలి?

డాబా మీద మాత్రం వద్దు. పిట్టగోడ, డిష్షు, పక్కనే కొబ్బరిచెట్టు, ఆ పక్కన కరెంటు తీగలు. అంతేకాదు, స్లాబులో ఇనుప చువ్వలుంటాయి. డ్రోనులో దిక్సూచి ఉంటుంది. ఇనుము దగ్గర దిక్సూచి తికమక పడుతుంది. ఇంట్లోనూ వద్దు. ఉపగ్రహాల సాయంతో తానెక్కడున్నదీ డ్రోను తెలుసుకుంటుంది, కప్పు కింద ఆ సంకేతాలు సరిగా అందవు.

ఊరి బయట కోసేసిన పొలం, బడి లేని రోజున ఆటస్థలం మంచివి. ఉదయం పూట గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు వెళ్ళండి. చెట్ల చిటారు కొమ్మలు ఊగుతుంటే ఆ రోజుకి పెట్టె మూసెయ్యండి. సంక్రాంతి రోజుల్లో అసలు తియ్యకండి. ఆకాశం నిండా గాలిపటాల దారాలుంటాయి, కెమెరాలో అవి కనబడవు. ఒక్క మాంజా రెక్కకి చుట్టుకుంటే డ్రోను రాయిలా పడుతుంది.

ఆకాశానికీ హద్దులున్నాయి. మ్యాపులో పచ్చరంగు ఉన్నచోట 400 అడుగుల ఎత్తు వరకు ముందుగా అనుమతి అక్కర్లేదు. పసుపురంగు ఉన్నచోట అనుమతి కావాలి. ఎర్రరంగు అయితే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటేనే. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల మనకి పనే లేదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే హద్దు. తిరుమల కొండమీద డ్రోన్లకి నిషేధం. యాత్రకి వెళ్ళేటప్పుడు పిల్లల సంచీలు ఓసారి తడిమి చూసుకోండి. పెద్ద నాయకులెవరైనా ఊరికి వచ్చినప్పుడు పోలీసులు కొన్నాళ్ళు ఆపిస్తారు, పేపర్లో చూసుకోవాలి.

చేతికి అలవాటు

ఎగరేసేముందు రెక్కలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. కెమెరాకి పెట్టిన తొడుగు తీసెయ్యండి. డ్రోనులో, రిమోటులో, ఫోనులో మూడింటిలోనూ చార్జింగు ఉండాలి. నేలమీద చాపో పాత దుప్పటో పరవండి, దుమ్మూ గడ్డిపరకలూ మోటార్లలోకి పోవు. చీరకొంగు దోపుకోండి, జడ ముడేసుకోండి. పిల్లల్ని పది అడుగుల దూరంలో, మన వెనక నిలబెట్టండి. తిరిగే రెక్క కూరలు కోసే కత్తిలాంటిదే, వేలిని చూడదు.

రిమోటు మీద రెండు పుల్లలుంటాయి. ఎక్కువ రిమోట్లలో ఎడమది పైకీ కిందికీ లేపడానికి, ఉన్నచోటనే చుట్టూ తిప్పడానికి. కుడిది ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరపడానికి. ఉప్పు వేసినట్టు కొంచెం కొంచెంగా జరపాలి. భయమేస్తే రెండు చేతులూ వదిలెయ్యండి. ఉపగ్రహ సంకేతం బాగా అందే డ్రోను ఉన్నచోటనే ఆగి నిలబడుతుంది.

మొదటి రోజు అంతా ఒకటే పాఠం. ఏడెనిమిది అడుగులు లేపి, అక్కడే నిలబెట్టి, దింపడం. నేలకి మరీ దగ్గరగా ఉంచితే తన గాలి తనకే కొట్టి ఊగుతుంది. రెండో రోజు దాని తోక మనవైపు ఉంచి, నాలుగు మూలలా చుక్కలు పెట్టినట్టు చదరంగా తిప్పడం. మూడో రోజు అసలు పరీక్ష. డ్రోను ముఖం మనవైపు తిప్పినప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఎదుటి మనిషికి జడ వేస్తున్నామా, అద్దంలో చూసుకుని మనకి మనం వేసుకుంటున్నామా అన్నంత తేడా. కొత్తవాళ్ళ డ్రోన్లు చెట్లెక్కేది ఎక్కువగా ఇక్కడే. తడబాటు వస్తే ముందు దాని తోక మళ్ళీ మనవైపు తిప్పుకుంటే చాలు.

'ఇంటికి రా' అనే మీట ఒకటి ఉంటుంది. నొక్కితే బయల్దేరిన చోటికి అదే వస్తుంది. కానీ అది తిన్నగా వచ్చేస్తుంది, చాలా చిన్న డ్రోన్లకి దారిలో చెట్టు అడ్డమొచ్చినా తెలియదు. అందుకే చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తయిన చెట్టుకన్నా, టవరుకన్నా ఎక్కువ ఎత్తులో తిరిగొచ్చేట్టు ముందే పెట్టుకోవాలి.

గద్దలు డ్రోన్ని చూసి తన్నుకుపోవడానికి వస్తాయి. అటు తిరగడం కనిపించగానే గొడవ పడకుండా దించెయ్యండి. గూడు కట్టుకునే కాలంలో ఆ చెట్టు దరిదాపులకే పోకండి. వాటికీ పిల్లలున్నాయి. ఫోనులో బొమ్మ చూస్తూ కూర్చోకుండా, డ్రోను కంటికి కనిపించినంత దూరమే పోనివ్వండి. 30 శాతం చార్జింగు మిగిలిందనగానే దింపెయ్యండి. ఎదురుగాలిలో తిరిగి రావడానికి పోయినప్పటికంటే ఎక్కువ ఖర్చవుతుంది.

బ్యాటరీ అంటే గ్యాసుబండ లాంటిదే

ఈ లిథియం బ్యాటరీల్ని తేలిగ్గా తీసుకోవద్దు. దింపగానే వేడిమీద చార్జింగు పెట్టకూడదు, చల్లారనివ్వాలి. రాత్రి పెట్టి పడుకోకూడదు. పరుపు మీద, పొయ్యి దగ్గర, ఎండలో ఆపిన కారులో ఉంచకూడదు. వారాల తరబడి వాడకపోతే సగం చార్జింగుతో దాచాలి. అప్పడంలా ఉబ్బిందా, అంతటితో దాని పని సరి. మున్సిపాలిటీ చెత్తబుట్టలో పడెయ్యకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

పక్కింటి డాబా

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. డాబా అంటే మనకి ఏమిటి? వడియాలు పెట్టుకునే చోటు, తలారబెట్టుకునే చోటు, ఎండాకాలం నైటీతో పడుకునే చోటు. నాలుగు గోడల మధ్య దొరకని కాస్త గాలి అక్కడ దొరుకుతుంది. దాని మీద కెమెరా తిరుగుతుంటే ఏ ఆడది నిశ్చింతగా ఉంటుంది? మా వీధి చివరి ఇంట్లో ఒక కుర్రాడు రోజూ సాయంత్రం డ్రోను ఎగరేస్తుంటే, ఎదుటి ఇంటి కోడలు బట్టలు ఆరెయ్యడానికి పైకి ఎక్కడం మానేసింది. ఎవరితోనూ చెప్పుకోలేదు, తడిబట్టలు వంటింట్లోనే ఆరేసుకుంది. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు, సూర్యాస్తమయం తీసుకుంటున్నాడు. అయితే ఆ సంగతి కింద ఉన్నావిడకి ఎలా తెలుస్తుంది? వాళ్ళ అమ్మ సంగతి విని, కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి తీసిన వీడియోలన్నీ చూపించి, "ఇకమీదట ఊరి బయటే, అమ్మాయ్" అని చెప్పి వచ్చింది. మర్నాటి నుంచి ఆ డాబా మీద మళ్ళీ బట్టలు కనబడ్డాయి.

అందరూ అంత మంచిగా ఉండరు. ఏకాంతంలో ఉన్న స్త్రీని కావాలని చూడడం, ఫోటో తీయడం నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షను దీనికోసమే ఉంది. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు. ఎవరైనా అలా చేస్తే మీరు డాబా ఎక్కడం మానకండి. రోజు, వేళ రాసిపెట్టుకుని ఇంట్లో చెప్పండి, పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

మన పిల్లవాడి చేతికి రిమోటు ఇచ్చేముందు మూడు మాటలు ఒప్పించండి. మనుషుల నెత్తిమీద ఎగరెయ్యను. అడగకుండా ఎవరి ఇంటి మీదా ఎగరెయ్యను. తీసినవాళ్ళకి చూపించకుండా ఎవరికీ పంపను. ఈ మూడూ ఒప్పుకున్నాక, ఆదివారం ఉదయం ఉప్మా డబ్బాలో పెట్టుకుని అందరూ పొలానికి బయల్దేరండి. మొదటి వంతు మాత్రం మీదే, వదులుకోకండి. 100 అడుగుల పైనుంచి మన చెరువు, మన గుడి గోపురం, గట్టుమీద చెయ్యి ఊపుతున్న మన పిల్లలు... చూస్తే కడుపు నిండిపోతుంది. ఎగరేసి చూసి, ఎలా ఉందో ఉత్తరం రాయండి మరి!